అవతలి గట్టు

ఎండాకాలంలోనూ పలమనేరు తెల్లవారుజాము చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం కోసమే పొద్దెక్కకముందు చెరువుకట్ట మీద నడిచేవాళ్లు చాలామంది. వాళ్లలో నేనొకణ్ణి. కట్ట అయిపోయి దారి మలుపు తిరిగే చోట కొన్నాళ్లుగా ఒక తీతువు పిట్ట మా నెత్తిమీద తిరుగుతూ గొంతు చించుకుంటోంది. కాస్త ముందుకు పోతే ఊరుకుంటుంది, వెనక్కి వస్తే మళ్లీ లేస్తుంది. తీతువు కూస్తే కీడని మన పల్లెల్లో పాత నమ్మకం. నా ముందు నడిచే పెద్దావిడ ఆ కూత వినపడగానే కొంగు తలమీదికి లాక్కుని, గంగమ్మను తలుచుకుని అడుగు వేగం పెంచుతుంది. చెవుల్లో పాటలు పెట్టుకుని నడిచే కుర్రవాళ్లకు అది వినపడనే వినపడదు. నన్ను మాత్రం ఆ అరుపు ఇంటిదాకా వెంటాడేది. రోజూ అదే చోట ఎందుకు? మనిషిని చూసి అంత ఆరాటపడే ప్రాణి ఏం చెబుతోందో తెలుసుకోకుండా ఎట్లా దాటిపోవడం?

ఒకరోజు నిలబడి చూస్తే తెలిసింది. చెరువు చుట్టూరా నడకబాట వెయ్యాలని, కట్ట చివరినుంచి ఎగువవైపు కొంతమేర కంకర పరిచారు. ఆ కంకరలో, ఏది రాయో ఏది గుడ్డో పోల్చుకోలేకుండా, నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. తీతువు చెట్టుమీద గూడు కట్టదు. ఆరుబయట నేలమీద చిన్న గుంట చేసుకుని, చుట్టూ గులకరాళ్లు చేర్చుకుని గుడ్లు పెడుతుంది. నేలలో కలిసిపోవడమే దానికి రక్ష. ఆడా మగా వంతులు వేసుకుని ఇంచుమించు నాలుగు వారాలు పొదుగుతాయి. ఎండ ముదిరినప్పుడు నీటి అంచుకు పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి, ఆ తడితో గుడ్లమీద కూర్చుంటాయి. పిల్లలు గుడ్డులోంచి బయటపడిన కొన్ని గంటలకే నడుస్తాయి, కానీ ఎగరడానికి ఇంకా వారాలు పడుతుంది. అంతవరకూ వాటి బతుకంతా కాలినడక మీదే; వాటి తిండి బురద అంచుల్లో దొరికే పురుగే. కాబట్టి తీతువుకు కావలసింది ఉత్త నీళ్లు కాదు, నీళ్లదాకా మెల్లగా వాలుతూ పోయే నేల.

బాట పనికి వచ్చిన కూలీల్లో ఒకామెకు ఆ గుడ్ల సంగతి నాకంటే ముందే తెలుసు. చుట్టూ పెద్ద రాళ్లు నాలుగు పెట్టి, పుల్లకు ఎర్రగుడ్డ పీలిక కట్టి గుచ్చింది. ట్రాక్టరు అటు రాకుండా మేస్త్రీతో మాట్లాడుకుందట. "బిడ్డల తల్లి గదన్నా, అరవక ఏం చేస్తాది?" అంది నాతో. ఆమె మాటతో ఆ కూతలోని కీడంతా ఒక్కసారిగా ఊడిపోయింది. కొన్నాళ్ల తర్వాత చూస్తే రాళ్ల మధ్య ఖాళీ గుంట, దూరంగా బురదలో తల్లి వెనక దూదిపింజల్లాంటి పిల్లలు. సంతోషం వేసింది. ఆ సంతోషం వెంటే ఒక దిగులు కూడా. ఈ ఏడు పని మధ్యలో ఆగింది కాబట్టి అవి నడిచి నీళ్లు చేరుకున్నాయి. అవతలి గట్టంతా రాయి పరిచి, సిమెంటు పోసి, కమ్మీలు నాటాక, వచ్చే ఏటి పిల్లలు ఎటు నడుస్తాయి?

మన సీమ చెరువుకు రెండు ముఖాలున్నాయి. ఒకవైపు కట్ట. అక్కడ నీళ్లు లోతు, తూము ఉండేది అక్కడే, చెరువు నిండితే మొరవ పారేదీ ఆ పక్కనే. రెండోవైపు కట్టే లేదు. నేలే మెల్లగా వాలి నీళ్లలోకి దిగిపోతుంది. వానలకు నీళ్లు ఆ వాలు మీదికి ఎక్కుతాయి, ఎండలకు దిగుతాయి. ఎక్కి దిగే ఆ మధ్య మేరకు ఎవరూ యజమాని కారు. చిన్నప్పుడు మాకు చెరువంటే ఆ మేరే. సంక్రాంతి దాటి నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ అక్కడ పచ్చిక మొలిచేది, గొర్రెలు దిగేవి. ఇంకా తగ్గితే బండ్లు కట్టుకొచ్చి ఒండ్రుమట్టి తవ్వి చేలకు తోలుకునేవాళ్లు. నిండా ఎండిన ఏడు అక్కడే దోసపాదులు పెట్టేవాళ్లు. మోకాలి లోతు నీళ్లలో గుడ్డికొంగలు బొమ్మల్లా నిలబడేవి, జమ్ములో జంబుకోళ్లు తిరిగేవి, తడిమట్టి మీద ఉల్లంకి పిట్టలు పరుగులు తీసేవి. చలికాలంలో తోకాడించే చిన్నపిట్టలు కొన్ని వచ్చేవి. అవి హిమాలయాల అవతలినుంచి వస్తాయని అప్పుడు మాకు తెలియదు. లోతు నీళ్లున్న కట్ట దగ్గర నీటికాకులు, బుడబుంగలు తప్ప పెద్దగా పక్షి ఉండేది కాదు. చెరువులోని ప్రాణమంతా అవతలి గట్టునే. మనిషి నడిచేది కట్టమీద, పిట్ట నడిచేది ఎదుటి బురదలో. ఎవరూ గీత గీయలేదు, చట్టం చెప్పలేదు. నేల వాలే ఆ పంపకం చేసిపెట్టింది.

ఈ చెరువులు కట్టిన పాతవాళ్లకు పక్షులమీద ప్రత్యేకమైన ప్రేమ ఉండేదని చెప్పను. పిట్టల్ని కూడా తలుచుకునే కట్టారా అని నాకు చాలాకాలం ఒక సందేహం ఉండేది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి చదివాక అది కొంత తీరింది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు అది; శాసనం 1369 నాటిది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను ఆ శాసనం వరసగా చెబుతుంది: ధర్మబుద్ధి ఉన్న రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తియ్యటి నీళ్ల నది, కట్ట వేసేందుకు కొండల సందు, రాతి గని, పనితెలిసిన మనుషులు వంటివి. ఆపైన ఆరు దోషాలు కూడా చెబుతుంది: కట్ట ఊట కారడం, చౌడునేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం వంటివి. అంగాల్లోనూ దోషాల్లోనూ పక్షి ప్రస్తావన లేదు, చేప ప్రస్తావన లేదు. అంతా సేద్యపు లెక్కే. మరి ఆ చెరువుల మీదికి ఇన్ని రెక్కలు ఎట్లా వచ్చాయి? కట్టేవాళ్లు ఒకవైపే కట్టి మిగతాది నేలకు వదిలేశారు కాబట్టి వచ్చాయనే నాకు అనిపిస్తుంది. వాళ్లు చేసిన పనికంటే చేయకుండా ఉంచిన పని ఎక్కువమందికి అన్నం పెట్టింది. ఇప్పుడు ఆ చేయకుండా ఉంచిన దాన్నే మనం మిగిలిపోయిన పని అనుకుంటున్నాం.

కట్ట మీద మనకున్న మమకారం తప్పని కూడా అనలేను. అది భయం నుంచి పుట్టిన మమకారం. చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డి తన తొలినాళ్ల కావ్యానికి ఎంచుకున్న కథ ఏది? 'ముసలమ్మ మరణము'. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ప్రాణం ఇచ్చిన కోడలి కథ. సీమలో చాలా కట్టలమీద ఇట్లాంటి ఆడబిడ్డ ఎవరో ఒకరు గుడిలోనో, ఉత్త రాయిగానో కొలువై ఉంటుంది. ఆ భయం ఇంకా పాతబడలేదు. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందని దిగువ పల్లెల్ని ఖాళీ చేయించినప్పుడు జిల్లా మొత్తం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. అందుకే కట్టకు రాయి పరిస్తే నాకు అభ్యంతరం లేదు. లోపలివైపు అలలు తాకే చోట రాతి పేర్పు పాతకాలం నుంచీ ఉన్నదే. కట్టను వెడల్పు చెయ్యనీ, దీపాలు పెట్టనీ, కూర్చోవడానికి అరుగులు కట్టనీ. పలమనేరులాంటి ఊళ్లో ముసలివాళ్లు భయం లేకుండా నడవడానికి, బిడ్డలు పరుగెత్తడానికి, ఆడవాళ్లు సాయంత్రం పూట నలుగురు కలిసి కూర్చోవడానికి వేరే చోటేది? చెన్నై-బెంగళూరు దారిలో లారీల పక్కన నడవమంటామా? నా తల్లి వయసువాళ్లు జీవితంలో మొదటిసారి తమకోసం ఒక గంట తీసుకుని కట్టమీద నడవడం నేను చూస్తున్నాను. పక్షుల పేరు చెప్పి వాళ్ల గంటను లాక్కునే హక్కు నాకు లేదు.

నేను అడిగేది ఒక్కటే. చుట్టు పూర్తి చెయ్యడం ఎందుకు? చెరువు చుట్టూరా బాట కలిసిపోవాలన్న ఆ పట్టుదల ఎక్కడినుంచి వచ్చింది? నగరాల్లో ఒకచోట బయలుదేరి అదేచోటికి తిరిగొచ్చే బాటలు చూసి వచ్చి ఉంటుంది. మనిషి నడకకు అది తప్పనిసరి కాదు. కట్ట ఈ కొసనుంచి ఆ కొసకు పోయి వెనక్కి తిరిగి, కావలసినన్నిసార్లు నడిస్తే దూరం అదే వస్తుంది. చెరువుకు మాత్రం ఆ తేడా ప్రాణాంతకం. అవతలి గట్టున బాట వెయ్యాలంటే నేల ఎత్తు చెయ్యాలి, ఎత్తు చేస్తే వాలు పోతుంది, జారిపోకుండా రాయి పరచాలి, రాయి పరిస్తే జమ్ము పోతుంది. పిల్లలు పడకుండా కమ్మీ కావాలి, చీకట్లో దీపం కావాలి. దీపం వస్తే రాత్రి మేసే పక్షులు పోతాయి, దీపం చుట్టూ పురుగులు రాలుతాయి. ఒక్క నిర్ణయం వెనక ఇన్ని నడిచి వస్తాయి. వీటిలో ఏదీ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. ఊరి అందం కోసం, జనం క్షేమం కోసం చేసిందే. ఆ మాట తలుచుకుంటే ఇంకా బాధ.

అటవీ జంతువుతో హద్దు తగువు మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. హార్స్‌లీ హిల్స్ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని అక్కడి కథ. కథలో ఏనుగులు ఉన్నా, రెండు వందల ఏళ్లపాటు ఈ అడవుల్లో ఏనుగు లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక సరిహద్దు అడవుల్లోంచి మందలు ఇటు నడిచొచ్చాయి. 1990 డిసెంబరులో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది, పలమనేరు, కుప్పం అడవుల్లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల మేర. అప్పటినుంచి కందకాలు తవ్వాం, సోలారు తీగలు కట్టాం, టపాకాయలు కాల్చాం. చెరుకు, అరటి, టమాట పోగొట్టుకున్న రైతులున్నారు, ఏనుగుల కాళ్లకింద పోయిన మనుషులున్నారు, కరెంటు తీగలకు కూలిన ఏనుగులూ ఉన్నాయి. 2025 మే నెలలో కర్ణాటక నుంచి మచ్చిక చేసి నేర్పిన కుంకీ ఏనుగుల్ని తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగులో ఉంచారు, అడవి ఏనుగుల్ని చేలనుంచి మళ్లించడానికి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏనుగు దారి మూస్తే ఏనుగు చేలో పడుతుంది. దాని ఇబ్బంది మన ఇబ్బంది అవుతుంది, మర్నాడు పేపర్లో వస్తుంది, పరిహారం లెక్క కడతారు, మంత్రులు వస్తారు. చెరువు అంచు మూస్తే తీతువు ఎవరి చేలోనూ పడదు. ఎవరి తలుపూ తట్టదు. ఒక ఏడు రాదు, అంతే. దాని లేమిని నమోదు చేసే రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు. బలం ఉన్న జంతువుతో మనం తగువో రాజీయో ఏదో ఒకటి పడుతున్నాం. బలం లేనిదానితో మాట్లాడడానికి మనకు ఇంకా దారి దొరకలేదు. కంకర మోసే ఆ తల్లికి దొరికింది గానీ, పటం గీసేవాళ్లకు దొరకలేదు.

ఆశ లేదని కాదు. మదనపల్లెకు దగ్గర్లోనే రిషీ వ్యాలీ ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920లలో బడికోసం ఎంచుకున్న లోయ అది. బండరాళ్ల కొండల మధ్య ఎండిన నేల. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి చెట్లు పెంచారు, కొండవాలుల్ని మేతనుంచి కాపాడారు, వాన నీరు ఇంకే చెరువు కట్టారు. నీళ్లు నిలిచాక పక్షులు వాటంతట అవే వచ్చాయి. 1991లో లోయను పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించారు. రంగస్వామి, శ్రీధర్ అనే ఇద్దరు కలిసి 1993లో ఆ లోయ పక్షుల మీద, వాటి నెలవుల పునరుద్ధరణ మీద పుస్తకమే తెచ్చారు. దక్షిణాది రాతికొండల్లో తప్ప ఎక్కడా కనిపించని పసుపుగొంతు పికిలిపిట్ట అక్కడ ఉంది, మన కౌండిన్య అడవిలోనూ ఉంది. అనంతపురం వైపు వీరాపురంలోనైతే ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడిమి చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటికోసం ఊరివాళ్లు టపాకాయలు కాల్చడం మానుకున్నారు. అక్కడ పక్షులకు కాపలా ఊరివాళ్లే. ప్రకటన ఉన్నచోట ఏం జరిగింది? హైదరాబాదు అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక నగర చెరువుకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. రాజహంసలు దిగే చెరువు అది. అయినా చుట్టూ లేచే ఇళ్లను, లోపలికి వచ్చే మురుగును ఆ ప్రకటన ఒక్కటే ఆపలేకపోయింది. చెరువును కాపాడేది పక్కన బతికేవాళ్లే.

ఈమధ్య ఇంకో ఆలోచన మొదలైంది, దీనికి నా దగ్గర ఇంకా తేల్చిన జవాబు లేదు. శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీ-నీవా కాలువలో పారి 2025 ఆగస్టులో కుప్పం పక్కన పరమసముద్రం చెరువుకు చేరాయి. సరిహద్దు అవతల కోలారు జిల్లాలో 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి చెరువుల్లో నింపుతున్నారు. బోరు వేసి వేసి అప్పులపాలైన నేల ఇది. వెయ్యి అడుగులు తవ్వినా దుమ్ము లేచిన పొలాల పక్కన పెరిగినవాణ్ణి, నీళ్లు వచ్చాయంటే నా కళ్లు చెమరుస్తాయి. కానీ చెరువులు ఏడాది పొడుగునా నిండుగా ఉండాలని మనం ఇప్పుడు కోరుకుంటున్నాం, పార్కు ఉన్నచోట మరీ. ఫొటోలో నీళ్లు కట్టదాకా కనిపించాలి. నీళ్లు ఎక్కి దిగడం ఆగిపోతే ఆ మధ్య మేర ఏమవుతుంది? పచ్చిక ఎక్కడ మొలుస్తుంది, ఉల్లంకి పిట్ట ఎక్కడ పరుగెత్తుతుంది? వేసవిలో చెరువు కొంత వెనక్కి తగ్గడం కూడా చెరువు చేసే పనుల్లో ఒకటేమో. దాహంతో ఉన్న ఊరి ముందు ఈ మాట అనడానికి నోరు రాదు. అయినా రెండూ ఒకే మనసులో పెట్టుకుని ఆలోచించక తప్పదనిపిస్తుంది. తాగునీటికి నింపే చెరువు, ఎక్కి దిగనిచ్చే చెరువు వేరువేరుగా ఉండొచ్చు. మన చెరువులు ఒకదాని మొరవ ఇంకోదానికి పారే గొలుసుకట్టు చెరువులే కదా. అన్నిటికీ ఒకటే రూపం ఎందుకు?

సాయంత్రాలు బిడ్డల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లు కట్టమీద నిలబడి చేపలకు బొరుగులు చల్లుతారు. బిడ్డ చేత్తో చల్లించి, చేప నోరు తెరిస్తే కేరింతలు కొడతారు. ఆ ముఖాలు చూస్తే ఎవరూ కాదనలేరు. ఊళ్లో జంతువుమీద దయ ఇంకా ఉందనడానికి అదే గుర్తు. అయితే చేతినుంచి పెట్టేదే ప్రేమ అని బిడ్డ నేర్చుకుంటోంది. బొరుగులు మిగిలి కుళ్లుతాయి, వాటితోపాటు ప్లాస్టిక్ సంచీ గాలికి కొట్టుకుపోయి జమ్ములో చిక్కుకుంటుంది. ఆ బిడ్డనే కట్ట కొసకు తీసుకెళ్లి, అటు చూడు, ఆ కొంగ కదలకుండా ఎంతసేపు నిలబడిందో చూడు అంటే? దానికి మనం ఏమీ పెట్టలేదు, అయినా అది తింటోంది చూడు అంటే? కాసేపటికి ఆ బిడ్డకు విసుగు రావచ్చు. రాకపోవచ్చు కూడా. మా చిన్నప్పుడు మమ్మల్ని ఎవరూ కూర్చోబెట్టి చూపించలేదు, గొర్రెల వెనక తిరుగుతూ మేమే చూశాం. ఇప్పటి బిడ్డలకు ఆ తిరుగుడు లేదు కాబట్టి చూపించేవాళ్లు కావాలి.

వార్డులో ఒక సమావేశం పెట్టినప్పుడు నేను ఈ సంగతి ఎత్తాను. "అటువైపు ఏముందన్నా, బురద, కంప తప్ప" అన్నాడు ఒకతను, మంచి మనిషే. కంప నిజమే, సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగింది, లొట్టపీసు కూడా. వాటిని తీసెయ్యాలి, ఒప్పుకున్నాను. వాటితోపాటు జమ్ము, తుంగ, పచ్చిక కూడా పొక్లెయిన్‌తో గీకెయ్యొద్దని అడిగాను. ఊరి మురుగుకాలువ నేరుగా చెరువులో కలవకుండా ముందు దాన్ని ఆపాలని, ఆ డబ్బు అవతలి బాటకు పెట్టేదానికంటే ఇటు పెడితే మేలని అన్నాను. వినాయకుళ్లను నిమజ్జనం చేసే చోటు కట్ట పక్కన ఒక మడుగుగా వేరే చెయ్యమన్నాను. దీనికి మాత్రం చాలామంది తలూపారు. బాట మాటకు వచ్చేసరికి గది నిశ్శబ్దమైంది. ఇంతలో వెనకనుంచి ఒక పెద్దాయన లేచాడు. వాళ్ల నాయన ఈ చెరువుకు నీరుగంటి, తూము తెరిచి ఏ మడికి ఎన్ని నీళ్లో పంచిన మనిషి. "చెరువుకు ఊపిరాడే పక్క అదేనయ్యా" అన్నాడు. "మా నాయన ఆ పక్క ఒక్క రాయి వెయ్యనిచ్చేవాడు కాదు." ఎందుకని ఎవరో అడిగారు. కాలువల్లో వచ్చే కొత్తనీళ్లు అక్కడే నెమ్మదించాలి, ఒండ్రు అక్కడే దిగాలి, లేకపోతే పూడికంతా తూము దగ్గరికి వచ్చేస్తుంది అన్నాడాయన. పక్షుల మాట ఆయన ఎత్తలేదు. సేద్యపు కారణమే చెప్పాడు, ఆ పోరుమామిళ్ల శాసనంలాగే. కానీ ఆయన చెప్పినదీ నేను అడిగినదీ ఒకటే జాగా గురించి.

నిర్ణయం ఇంకా కాలేదు. మేం కొందరం కలిసి అర్జీ రాస్తున్నాం. అందులో పెట్టిన కోరిక చిన్నదే: బాట కట్ట రెండు కొసల్లో ఆగిపోవాలి, ఆగిన చోట నీడకు రెండు కానుగ చెట్లు, వాటి కింద అవతలి గట్టు కనిపించేలా ఒక రాతి అరుగు, అటువైపు తిరగని దీపాలు. పరిచిన కంకర ఎత్తి కట్టమీదికి వాడుకోమని కూడా రాశాం. సంతకాల కోసం నడకకు వచ్చేవాళ్లను అడుగుతున్నాం. చుట్టూ తిరిగే బాట వస్తుందని ఆశపడినవాళ్లు కొందరు మొహం తిప్పుకుంటున్నారు, వాళ్లతో ఇంకా మాట్లాడాలి. తీతువును చూసి కొంగు లాక్కునే పెద్దావిడ కాగితం చేతిలోకి తీసుకుని, "ఇది పిట్టలకా, చెరువుకా?" అని అడిగింది. రెంటికీ అన్నాను. కాసేపు ఆలోచించి, వేలిముద్ర వెయ్యాల్నా, సంతకం చెయ్యాల్నా అని అడిగింది.